చిత్రానికి చిక్కని మెదడు

సూర్యాపేట పెద్దలతోపాటు కోదాడ, మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లూ ముందు వరుసల్లో ఉన్నారు. మనం స్మరించుకుంటున్న డాక్టరుగారు మతిమరుపుతో వచ్చిన ముసలివాళ్లను ‘చాదస్తం’ అని తిప్పి పంపినవారు కాదు. అందుకే బతికున్న మనిషి మెదడును చూడటం నేర్చుకున్న కథ చెబుతాను.

1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్స్-రే పుర్రెను చూపింది గాని, లోపలి మెదడును చూపలేకపోయింది. 1906లో వైద్యుడు అల్జీమర్ తన రోగి మెదడులోని మార్పులను వివరించగలిగాడంటే, ఆమె చనిపోయింది కాబట్టే. 1971 అక్టోబరు 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ సి.టి. యంత్రం తొలి రోగి మెదడును పొరలు పొరలుగా చూపింది. అయిదేళ్లకే, దీర్ఘకాలం స్కిజోఫ్రీనియాతో ఉన్నవారి మెదడులో ద్రవం నిండే గదులు పెద్దవయ్యాయని జాన్‌స్టన్, క్రో బృందం చెప్పింది. మనోవ్యాధికి దేహంలో ఆనవాలు దొరికిందని సంబరపడ్డారు. తర్వాత ఎం.ఆర్.ఐ. వచ్చింది.

అయితే చిత్రమూ మనిషీ ప్రతిసారీ ఒక మాట మీద ఉండరు. 2012లో టొరంటో పరిశోధకులు ఒకే స్థాయిలో మతి తగ్గిన అల్జీమర్ రోగుల స్కాన్‌లు పోల్చారు. రెండు భాషలవారి మెదడు ఎక్కువ కుంచించుకుపోయి ఉంది. అంత నష్టం జరిగినా వాళ్లు ఒకే భాష వారితో సమానంగా నెట్టుకొస్తున్నారన్నమాట. అక్కడొక చిక్కుంది. కెనడాలో రెండు భాషలవాళ్లు చాలామంది వలస వచ్చినవాళ్లు. ఫలితం భాషదా, వలసదా?

ఆ చిక్కు విప్పింది హైదరాబాదు. ఇక్కడ రెండు భాషలు రావడానికి వలస అక్కర్లేదు. నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతి తగ్గే జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. వారిలో 391 మందికి రెండు గాని అంతకు మించి గాని భాషలు వచ్చు. ఒకే భాష వారికంటే వీరికి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అక్షరం ముక్క రానివారిలోనూ తేడా కనిపించింది. ఇది చదువు ఇచ్చిన లాభమేనన్న వాదన అక్కడ నిలవలేదు. మూడో భాష వస్తే మాత్రం అదనపు లాభం లేదు, బహుభాషాకోవిదులు మన్నించాలి.

ఇది మన సొంత సంగతిలాగే వినిపిస్తుంది. ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ: నిజాం కాలంలో ఈ ప్రాంతం అలా బతికింది. బడి ముఖం చూడనివాళ్లు కూడా బేరంలో, తగువులో రెండో భాష పట్టారు. అంతమాత్రాన ఉర్దూ వస్తే జబ్బు రాదని ఇంటికెళ్లి చెప్పకండి. ఆ అధ్యయనం ఆసుపత్రికి వచ్చినవారి గురించే. అది చెప్పింది జబ్బు ఆలస్యం గురించే గాని, రాకపోవడం గురించి కాదు.

స్కాన్ దండగ అనీ అనను. పడిపోయిన తాతకు కొన్ని వారాలకు మతి తప్పితే, మెదడు చుట్టూ చేరిన రక్తాన్ని అదే పట్టిస్తుంది. తీసేస్తే చాలామంది కోలుకుంటారు. కాని ముసలితనంలో వచ్చే కుంగుబాటు ఒక్కోసారి అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది. అది ఫిల్ములో తేలదు. పక్కన కూర్చుని, నిద్రెలా ఉంది, తిండి సయిస్తుందా, ఎవరైనా పోయారా అని అడగాలి. నా లెక్కలో అదీ పరీక్షే. దానికి బిల్లు లేదు గనక ఎవరూ రాయరు.

ఇక స్కాన్‌ను పోల్చి చూసే కొలతల సంగతి. 2019లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 100 మంది స్కాన్‌లతో భారతీయ మెదడు అట్లాస్ రూపొందించారు. పడమటి దేశాల కొలతలు మన మెదడుకు సరిపోవని అందులో తేలింది. ఆ నూరుగురూ యువతీయువకులే. ఈ ముందు వరుసల్లో ఉన్న మీ వయసు మెదళ్లు అందులో లేవు.