కరెంటు పోయినా రౌటర్ ఆగకూడదు
(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



రైతుల సభలో ఇంటర్నెట్ రౌటర్ సంగతి దేనికని కొందరు అనుకోవచ్చు. ఈ-పంట నమోదు, పీఎం కిసాన్ ఈ-కేవైసీ, అడంగల్, పంటల బీమా అన్నీ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. అక్కడికి తీసుకుపోయింది ప్రభుత్వమే. గాలివాన వస్తే ముందు పోయేది మాత్రం మన ఊరి కరెంటే.

ఫసల్ బీమా సంగతి చూడండి. వడగళ్లకో, ముంపుకో చేను దెబ్బతింటే 72 గంటల్లోపు తెలియజేయాలి. కోసి పనల మీద ఆరబెట్టిన పంట తుఫానుకు తడిసినా అంతే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలికి స్తంభాలు పడిపోతాయి, కరెంటు పోతుంది, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. సెల్ టవర్ బ్యాటరీ అయిపోతే సిగ్నల్ కూడా పోతుంది. అప్పుడు ఇంట్లో వైఫై నడుస్తుంటే, వైఫై కాలింగ్ ఉన్న ఫోన్‌తో మాట్లాడుకోవచ్చు.

రౌటర్ తినే కరెంటు చాలా తక్కువ. అడాప్టర్ మీద చూడండి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే ఎంత లాగినా 12 వాట్లు, అంటే ఒక ఎల్‌ఈడీ బల్బంత. ఫైబర్ డబ్బా, రౌటర్ విడివిడిగా ఉన్న ఇళ్లలో రెండింటికీ కరెంటు అందాలి.

మూడు దారులున్నాయి.

ఒకటి, ఇన్వర్టర్. ఉన్నవాళ్లు రౌటర్ ప్లగ్గును ఆ లైనులో పెట్టుకోండి. కరెంటు పోయిన ప్రతిసారీ రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంటే, ఇన్వర్టర్‌కు యూపీఎస్ స్విచ్ ఉందేమో చూసి అటు మార్చండి.

రెండు, రౌటర్ కోసమే అమ్మే మినీ యూపీఎస్. కొనేముందు వోల్టులు, ఆంపియర్లు, పిన్ను మూడూ కలవాలి. 9 వోల్టుల రౌటర్‌కు 12 వోల్టులు ఇస్తే కాలిపోతుంది.

మూడోది మన దగ్గరే ఉంది: బ్యాటరీ స్ప్రేయర్‌లోని 12 వోల్టుల బ్యాటరీ. 8 ఆంపియర్ అవర్ అయితే లెక్కకు 96 వాట్ అవర్లు. బ్యాటరీ పాడవకుండా అందులో సగమే వాడినా, 8 వాట్ల రౌటర్ ఆరు గంటలు నడుస్తుంది. అయితే తీగలు నేరుగా తగిలించవద్దు. 12 వోల్టులకు సరిచేసే చిన్న కన్వర్టర్, ఫ్యూజు రిపేరు షాపులో పెట్టించండి. ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. చార్జింగ్‌లో ఉండగా రౌటర్ తీసేయాలి. మందు ట్యాంకు ఇంట్లోకి తేవద్దు, బ్యాటరీ విప్పి తుడిచి తెండి.

ఇవన్నీ చేశాక ఒకసారి మెయిన్ ఆపి చూడండి. తర్వాత ఊరంతా కరెంటు పోయినప్పుడు మళ్లీ చూడండి. డబ్బా మీద ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలిగితే అవతలి నుంచి వెలుతురు రావడం లేదని అర్థం. తీగ తెగి ఉండాలి, లేదా ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల దగ్గరే కరెంటు లేకపోయి ఉండాలి. అప్పుడు మన బ్యాటరీ ఎంత ఉన్నా ప్రయోజనం లేదు.

అందుకే ఇది ఇంట్లో తేలే సమస్య కాదు. 2020 విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు 24 గంటల సరఫరా ఇవ్వాలన్నాయి. వ్యవసాయం వంటి వాటికి గంటలు తగ్గించే వీలు మాత్రం ఉంచాయి. ఇళ్ల కరెంటు పోయిన ప్రతిసారీ 1912కు ఫిర్యాదు చేసి, నంబరు రాసి పెట్టుకుందాం. రేపు గడువు దాటిందని ఎవరైనా అంటే చూపించడానికి అదే కాగితం. ఊళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే కేంద్రాల్లో బ్యాటరీలు పెట్టాలని, కరెంటు, సిగ్నల్ లేని రోజులను గడువులో లెక్కించవద్దని మండల అధికారులకు వినతిపత్రం ఇద్దాం.

అది సాధించేదాకా వానలకు ముందే ఊరికొక్క ఇల్లయినా సిద్ధంగా ఉండాలి. ఆ ఇంటి తలుపు గాలివాన రోజున ప్రతి రైతుకూ, కౌలు రైతుకూ తెరిచి ఉండాలి. ఏ ఊళ్లో ఏ ఇల్లో వచ్చే నెల సమావేశానికి పేర్లు తీసుకురండి.