గల్ఫ్‌లో పోయినవారి సొమ్ము ఎవరికి?

ఖతార్‌లో దోహాకు ఉత్తరాన, అల్ రువైస్ రేవు పక్కన మదీనత్ అల్ షమాల్ అనే పట్టణం ఉంది. అక్కడ పనిచేసే జగిత్యాల మనిషో, కడప మనిషో హఠాత్తుగా కన్నుమూస్తే, అతనికి రావలసిన డబ్బు ఏమవుతుంది?

ఖతార్ కార్మిక చట్టం 2004 నాటిది. చావుకు కారణం ఏదైనా సరే, యజమాని 15 రోజుల్లోగా జీతం బకాయిలు, గ్రాట్యుటీ కోర్టులో జమ చేయాలి. కోర్టు షరియా ప్రకారమో, మృతుడి దేశపు చట్టం ప్రకారమో వారసులకు పంచుతుంది. మూడేళ్లలో హక్కుదారులెవరో తేలకపోతే ఆ సొమ్ము ఖతార్ ఖజానాకే.

అసలు తగవు మన ఇళ్లలోనే పుడుతుంది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయని మగమనిషి స్వార్జితంలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు తలా ఒక సమాన వాటా. తండ్రి మొదటి వరుసలో లేడు! ఈ మాట చెప్పగానే పెద్దమనుషులు కూడా నమ్మరు. బ్యాంకు ఖాతాకు తమ్ముడు నామినీ అయినంత మాత్రాన డబ్బు తమ్ముడిదైపోదు. తీసుకొని వారసులకు అప్పగించాలి. ఒప్పుకోకపోతే, వారసత్వ ధ్రువపత్రం కోసం సివిల్ కోర్టే గతి.

ఇక కాగితాలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక; భార్య పేరులో ఒక అక్షరం తేడా. ఇలాంటివే నెలల తరబడి తిప్పుతాయి.

గల్ఫ్‌లో ఉన్న అన్నలారా, తమ్ముళ్లారా! పాస్‌పోర్టు, పని ఒప్పందం, బ్యాంకు ఖాతా వివరాల నకళ్లు ఈ వారమే ఇంటికి పంపండి. ఇద్దరు సాక్షుల ఎదుట వీలునామా కూడా రాసిపెట్టండి.