రోగం రాకముందే పెట్టే రూపాయి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సమాఖ్య ప్రసంగం)



మనది కనిగిరి ప్రాంతం. ఫ్లోరైడ్ నీళ్ల గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? మోకాళ్లు పట్టేసి గొంతుక్కూర్చోలేని అత్తలు, పళ్లు గారపట్టి నవ్వడానికి సిగ్గుపడే పిల్లలు మన వీధుల్లోనే ఉన్నారు.

పోయిన ఏడాది మా సంఘాల అప్పుల పుస్తకాలు ముందేసుకుని చూశాం. నొప్పుల మందులకు, ఒంగోలు ఆస్పత్రికి తీసుకున్న అప్పులు పేజీ పేజీకీ కనపడ్డాయి. గేదె కోసం తీసుకున్న అప్పు పాలతో తీరుతుంది. ఈ అప్పు దేంతో తీరుతుంది? ఫ్లోరైడ్‌తో వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదు. రాకుండా చూసుకోవడమే మందు. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 వరకే ఉండొచ్చని మన దేశ ప్రమాణం.

కొన్నేళ్ల కిందట ఒక కంపెనీ మా ఊళ్లో నీళ్ల ప్లాంటు కట్టించింది. రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగాం. ఫిల్టరు పాడైతే ఎవరు మార్పించాలో ఎవరూ అనుకోలేదు. రెండేళ్లకే తాళం పడింది. మళ్లీ బోరు నీళ్లే తాగాం. తప్పు వాళ్లొక్కరిదే కాదు, ముందే అడగని మాదీ ఉంది.

2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. రోగాలు రాకుండా చేసే పనులు, మంచినీళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. కానీ ఫలానా ఊరికే ఇవ్వాలని చట్టంలో లేదు. అందుకే లెక్కతో పోయి అడగాలి.

ఈసారి మేం ముందు మా పొదుపులోంచి తలా కొంత వేసి ఫిల్టరు మార్పించాం. ప్లాంటు తెరిచాం. 20 లీటర్ల క్యాను 5 రూపాయలు. "ఫ్రీగా ఇవ్వొచ్చుగా" అని కొందరు అక్కలు అడిగారు. ఫ్రీగా వచ్చిన ప్లాంటుకే కదమ్మా తాళం పడింది! క్యాను డబ్బుల్లో కొంత మరమ్మతులకని వేరే ఖాతాలో వేస్తున్నాం. గర్భిణులకు, పసిపిల్లల తల్లులకు మాత్రం డబ్బు తీసుకోం.

ఎస్సీ కాలనీకి రెండో ప్లాంటు కావాలి. అది మా శక్తికి మించిన పని. కంపెనీలను అడగబోతున్నాం. మూడు మాటలు రాసిపెట్టుకున్నాం. మిషనుతోపాటు మొదటి ఏళ్ల నిర్వహణ ఖర్చు ఇవ్వాలి. ఆరు నెలలకోసారి నీళ్లు పరీక్ష చేయించి బోర్డు మీద రాయాలి. ప్లాంటు వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, అవి పశువుల తొట్టిలోకి, బోరు పక్కకి పోకూడదు.

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్టుతో శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి. లేకపోతే పంచాయతీని అడగండి. మీ బోరు లెక్క, మీ అప్పుల పుస్తకం పట్టుకుని రండి, అందరం కలిసి ఒకే అర్జీ పెడదాం.

మన అత్తల మోకాళ్లు మనం బాగుచేయలేం. మన పిల్లల మోకాళ్లు కాపాడుకోగలం.

సెలవు.