పాతబండికి కొత్త బరువు

(ప్రసంగ పాఠము)



అమెరికా దేశమున వేసవి సెలవులు వచ్చినవనగా రహదారులపై ఒక దృశ్యము తరచుగా కానవచ్చును. పెద్దకారు ఒకటి ముందు నడచుచుండును. దాని వెనుక చిన్న ఇల్లు వంటి బండి తగిలించబడి వచ్చుచుండును. అందులో మంచములు, పొయ్యి, నీళ్ల తొట్టి అన్నియు అమరియుండును. దీనిని ట్రావెల్ ట్రెయిలరు అందురు. పిల్లాపాపలతో కొండలకు, అడవులకు పోదలచిన సంసారులకు ఇది మిక్కిలి సదుపాయము. ఎక్కడ దిగినను మన వంట మనము వండుకొనవచ్చును. అందుచే ఇచ్చటి తెలుగు కుటుంబములలోను దీనియందు మక్కువ గలవారున్నారు.

అయితే క్రొత్త ట్రెయిలరును, దానిని లాగుటకు క్రొత్త కారును కొనగలవారు కొందరే. తక్కినవారు ఇంటనున్న పాత ఎస్.యు.వి.నే నమ్ముకొందురు. నేను ఆ రెండవ తెగకు చెందినవాడను. నా బండి వయస్సు 18 ఏండ్లు. అది తిరిగిన దూరము 1,92,000 మైళ్లు. దానిని ఈ పనికి సిద్ధపరచుటలో నేను చేసిన పొరపాటును, దానివలన నేర్చిన సంగతులను మీకు విన్నవించుటయే నేటి నా ప్రసంగము.

కాలిఫోర్నియాలో యోసెమిటీ లోయకు పోవు 120వ నంబరు రహదారిపై ప్రీస్టు గ్రేడు అను కొండదారి కలదు. మొకాసిన్ అను చోటినుండి సుమారు 1,500 అడుగులు పైకెక్కవలెను. అచ్చట పాత దారి, కొత్త దారి అని రెండున్నవి. పాతది ఆ ఎత్తునంతను రెండు మైళ్లలోనే ఎక్కించును. కొత్తది మెలికలు తిరుగుచు నెమ్మదిగా పోవును. ట్రెయిలరుతో పోవువారు కొత్త దారినే పట్టుట మంచిది. మేమును అట్లే చేసితిమి.

బయలుదేరుటకు ముందు నేను ఇంజను ఆయిలు మార్పించితిని. గాలి ఫిల్టరు, స్పార్కు ప్లగ్గులు క్రొత్తవి వేయించితిని. ట్రెయిలరు వెనుక దీపములు వెలుగుచున్నవో లేదో చూచుకొంటిని. అంతటితో బండి సిద్ధమైనదనుకొంటిని. ఎక్కునప్పుడు ఇంజను ఏమాత్రము తడబడలేదు. "ముసలిదైనా ఎంత సులువుగా లాగిందో చూశావా?" అని నా భార్యతో గొప్పగా అంటిని. "ఎక్కడం చూశాను. దిగడం కూడా చూడనివ్వండి" అని ఆమె బదులు చెప్పినది.

మూడవనాడు తిరిగి వచ్చునపుడు ఆమె మాట యొక్క అర్థము నాకు తెలిసినది. సగము దిగునప్పటికి బ్రేకు పెడలు మెత్తబడినది. కాలు లోపలికి దిగుచున్నదే కాని బండి వేగము తగ్గుటలేదు. కాలిన వాసన కారులోనికి వచ్చినది. వెంటనే గేరు తగ్గించి, ఎట్లో వేగమును అదుపులోనికి తెచ్చి, దారి ప్రక్కన బండ్లు నిలుపు జాగాలో ఆపగలిగితిని. ముందు చక్రములనుండి పొగ లేచుచుండెను. మా మనుమడు దిగి చూచి, "తాతయ్యా, బండికి జ్వరం వచ్చిందా?" అని అడిగెను. నాకు నోట మాట రాలేదు. ఒక గంటకు పైగా అక్కడనే కూర్చుండి, బ్రేకులు చల్లారిన పిదప, అతి తక్కువ గేరులో నడకవేగమున క్రిందికి దిగితిమి.

ఊరు చేరిన తరువాత ఒక వృద్ధ మెకానిక్కు బండిని చూచి రెండు కారణములు చెప్పెను. మొదటిది, కారునుండి ట్రెయిలరు బ్రేకులకు విద్యుత్తు నందించు ప్లగ్గులోని ఒక ముల్లుకు చిలుము పట్టియుండెను. దీపములు వెలిగినవి గాని, ట్రెయిలరు బ్రేకులు పనిచేయలేదు. రెండవది, కారులోని బ్రేకు ఆయిలు అనేక సంవత్సరములుగా మార్చబడలేదు. తప్పు మరెవ్వరిదియు కాదు, నాదే. నేను లాగుటకు సిద్ధపడితినే కాని నిలుపుటకు సిద్ధపడలేదు.

మన పల్లెలలో ఎడ్లబండి తోలినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. మిట్ట ఎక్కునపుడు ఎడ్లు బరువును లాగును. పల్లము దిగునపుడు బరువే ఎడ్లను తరుమును. మోటారుబండికిని ఇదియే ధర్మము. ఒక లెక్క చెప్పెదను. కారు, ట్రెయిలరు, మనుష్యులు, సామాను కలిసి 8,700 పౌనులు, అనగా సుమారు 3,950 కిలోలు ఉన్నవనుకొనుడు. ఆ బరువు 1,500 అడుగులు దిగునపుడు విడుదలయగు శక్తి యాభై లీటర్ల చన్నీళ్లను మరగించుటకు చాలును. అందులో కొంత గాలి ఒరిపిడికి, కొంత ఇంజను నిరోధమునకు పోవును. మిగిలినదంతయు బ్రేకులే వేడిగా మార్చవలెను. కనుక పాతబండి విషయమున అడుగవలసిన ప్రశ్న, ఇది లాగగలదా అని కాదు. ఇంత వేడిని ఓర్చుకొనగలదా, కోరినచోట నిలువగలదా అని.

ఇక చేయవలసిన పనులను వరుసగా చెప్పెదను. మొదటిది తూకము. నా బండి పుస్తకములో 5,000 పౌనులు లాగవచ్చునని వ్రాసియున్నది. అది క్రొత్త బండికి చెప్పిన మాట. అరిగిన భాగములను బాగుచేయించినగాని పాతబండికి ఆ మాట వర్తింపదు. ట్రెయిలరు ఉత్త తూకమును కూడ నమ్ముకొనరాదు. నా ట్రెయిలరు ఉత్తది 2,600 పౌనులు. సామాను, నీళ్లు, గ్యాసు సిలిండరు చేరిన తరువాత కాటా మీద 3,420 పౌనులు తూగినది. ఒక గ్యాలను నీరే 8 పౌనులకు పైన ఉండును. లారీలు ఆగు విడుదులలో కాటాలు ఉండును. స్వల్ప రుసుముతో ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రెయిలరు వేర్వేరుగా తూచి చీటీ ఇత్తురు. ఊహలు మాని ఆ చీటీని నమ్ముడు.

తూకములలో ముఖ్యమైనది నొగబరువు. ట్రెయిలరు నొగ కారు వెనుక కొక్కెముపై మోపు బరువు మొత్తములో నూటికి 10 నుండి 15 వంతులు ఉండవలెను. ఎడ్లబండిలో బరువు వెనుకకు పడినచో కాడి పైకి లేచి ఎడ్ల మెడపట్టెడలు బిగియును గదా! ఇక్కడ బరువు వెనుకకు పడినచో ట్రెయిలరు పాముతోక వలె అటునిటు ఊగును. ఆ ఊపు ముదిరినచో కారును సైతము త్రిప్పివేయును. అందుచే బరువైన సామానులో ఎక్కువ భాగమును ఇరుసునకు ముందువైపున సర్దవలెను.

ఈ నొగబరువు కారు మోయవలసిన బరువులోనికే వచ్చునని పలువురు మరచిపోవుదురు. డ్రైవరు తలుపుచెంత అంటించిన చీటీలో కారు ఎంత మోయగలదో వ్రాసియుండును. నా బండికి అది 1,150 పౌనులు. నొగబరువు 410, కొక్కెపు సామగ్రి 80, మేము నలుగురము 450. ఇక మిగిలినది 210 మాత్రమే. మొదటి ప్రయాణములో సైకిళ్లను, కట్టెలను, మంచుపెట్టెను కారులోనే నింపి ఆ హద్దు దాటితినని తరువాత లెక్కవేయగా తెలిసినది. వెనుక స్ప్రింగులు పాతబడి క్రుంగియున్నచో కారు ముందుభాగము తేలిపోయి, స్టీరింగు పట్టు తప్పును. స్ప్రింగులు మార్పించవలెను. బరువును ముందు చక్రములకు కూడ పంచు కొక్కెము వాడవచ్చునేమో పుస్తకములో చూచుకొనవలెను. గాలిసంచులు కారును పైకెత్తునే కాని అది మోయగల బరువును పెంచవు.

రెండవది వేడి. లాగు బండికి మొదట దెబ్బ తగులునది తనంత తాను గేర్లు మార్చుకొను పెట్టెకు. ఇంజను శక్తి ఆ పెట్టెలోనికి ఆయిలు ద్వారా అందును. ఎత్తు ఎక్కునపుడు అందులో జారుడు హెచ్చి ఆయిలు కాగును. 200 డిగ్రీల ఫారన్‌హీటు చుట్టుపట్ల ఉండుట క్షేమము. 220 దాటినచో వేగము తగ్గించి, ఆగుట మంచిది. ఆ వేడిని చూపు మీటరును నేను తరువాత పెట్టించితిని. ప్రత్యేకముగా ఆయిలును చల్లబరచు చిన్న రేడియేటరును కూడ ముందుభాగమున అమర్పించితిని.

ఆ గేరు ఆయిలు ఎర్రగా, నిర్మలముగా ఉన్నచో సరియే. నల్లబడి మాడువాసన వచ్చుచున్నచో పెట్టె అప్పటికే అరిగినదని గ్రహించి, నిపుణునకు చూపక బరువు తగిలించరాదు. అనేక ఏండ్లుగా మార్చని ఆయిలును యంత్రముతో ఒత్తిడిపెట్టి ఒక్కసారిగా కడుగుటకంటె, కొంచెము దించి కొంచెము పోయుచు రెండు మూడు విడతలుగా మార్చుట మేలని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఆయిలు పాలు కలిసిన గులాబీరంగులో ఉన్నచో అది మరింత ప్రమాదము. రేడియేటరు లోపలి గొట్టము చిల్లిపడి నీరు ఆయిలులో కలిసినదన్నమాట.

ఇంజను చల్లదనము కూడ చూడవలెను. రేడియేటరు రేకుల నడుమ ఏండ్ల తరబడి చేరిన దుమ్మును, పురుగులను కడిగించవలెను. మూత, రబ్బరు గొట్టములు, థర్మోస్టాటు, బెల్టులు, నీళ్ల పంపు వీనిలో పాతవానిని మార్పించవలెను. బెల్టుతో తిరుగు పంఖా ఉన్న బండ్లలో, ఇంజను ఆపి చల్లారిన తరువాత దానిని చేతితో త్రిప్పి చూడుడు. కొంత బిగువు ఉండవలెను. ఏ అడ్డును లేక గిరగిర తిరిగినచో దాని క్లచ్చి బలహీనపడినది.

మూడవది, నా మట్టుకు అన్నిటికంటె ముఖ్యమైనది, నిలుపుట. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. డాట్ 3 అను రకము క్రొత్తదైనచో 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగరాదని ప్రమాణము. తేమ చేరిన పిదప ఆ హద్దు 140కి పడిపోవును. మరిగిన ఆయిలులో బుడగలు పుట్టును. కాలి ఒత్తిడి బుడగలను నొక్కుటకే సరిపోవును గాని చక్రములను చేరదు. కొండపై నా పెడలు మెత్తబడుటకు ఇదియే కారణము. రెండేండ్లకొకసారి మార్పించినచో ఈ బాధ తప్పును. దానికగు ఖర్చు మేము చేసిన ప్రయాణములో ఒక పూట భోజనపు ఖర్చుకు మించి ఎంతో ఉండదు.

ట్రెయిలరుకు తన బ్రేకులు తనకుండవలెను. కాలిఫోర్నియాలో 1,500 పౌనులు, అంతకు పైబడిన నివాసపు ట్రెయిలరులకు చట్టమే దానిని విధించుచున్నది. కారులో డ్రైవరు చేతికందునట్లు ఒక నియంత్రకము అమర్చవలెను. బయలుదేరినంతనే మెల్లగా పోవుచు దాని మీటను చేతితో నొక్కి చూడుడు. ట్రెయిలరు వెనుకకు పట్టి లాగినట్లు తోచవలెను. తోచనిచో అక్కడనే ఆగవలెను. నేను మొదటిరోజున ఈ అరనిమిషపు పరీక్ష చేసియుండినచో ఆ కొండపై మనుమలను అంత ప్రమాదములో పెట్టియుండను. ట్రెయిలరు ఊగినపుడును ఆ మీటయే శరణ్యము. కారు బ్రేకును గట్టిగా తొక్కక, స్టీరింగును తిన్నగా పట్టుకొని, యాక్సిలరేటరునుండి కాలు తీసి, ట్రెయిలరు బ్రేకును మాత్రము చేతితో వేయవలెను.

టైర్ల విషయము కొద్దిగా చెప్పెదను. టైరుకు అరుగుదలయే కాదు, వయస్సును కలదు. దాని ప్రక్కన డాట్ అను అక్షరముల వెంట వచ్చు సంఖ్యలో చివరి నాలుగు అంకెలు తయారైన వారమును, సంవత్సరమును తెలుపును. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరము 23వ వారమన్నమాట. ఎక్కువ కాలము కదలక నిలిచియుండు ట్రెయిలరు టైర్లు చూపునకు క్రొత్తగా ఉన్నను, ఐదారేండ్లు దాటినచో నమ్మరాదు. ఇరుసులకు కందెన పెట్టించుట, కొక్కెమునకు తుప్పు పట్టినదేమో చూచుట, రక్షణ గొలుసులను నొగ క్రింద అడ్డముగా ఒకదానిపై నొకటి వేసి తగిలించుట మరువరాదు.

అన్నియు ముగిసిన తరువాత ఒక్కసారిగా దూరప్రయాణము పెట్టుకొనరాదు. మొదట ఖాళీ ట్రెయిలరుతో ఊరిచుట్టు, పిదప సామానుతో చిన్న మిట్టకు పోయి చూడవలెను. ఆగినప్పుడెల్ల చక్రముల దగ్గర చేయి పెట్టి ఏది అధికముగా వేడెక్కినదో గమనించవలెను. కాలిఫోర్నియాలో ట్రెయిలరు లాగు బండ్లకు 55 మైళ్ల వేగమే హద్దు. పాతబండికి అది చట్టమే కాదు, పథ్యము కూడ. దిగుడు రాకముందే గేరు తగ్గించుకొనవలెను. బ్రేకును అదేపనిగా నొక్కిపట్టక, నొక్కి వదలుచు పోవలెను.

ఈ పరీక్షలన్నిటిలో బండి తప్పినచో ఏమి చేయవలెను? మరమ్మతుల ఖర్చు బండి వెలను మించుచున్నచో ట్రెయిలరు మానుకొని గుడారము తీసికొని పోవుడు. ఇన్నేండ్లు మనలను మోసిన బండిపై అభిమానము ఉండవచ్చును. కాని ఆ అభిమానముతో దానికి తగని బరువు తగిలించుట న్యాయము కాదు. అందులో కూర్చుండు పిల్లలకును న్యాయము కాదు.

నా బండికి ఆ అవస్థ రాలేదు. చేయవలసినవన్నియు చేయించి, సైకిళ్లను ఇంటనే విడిచి, మరుసటి వేసవిలో అదే దారిన పోయితిమి. తిరుగుదారిలో కొండ మొదట గేరు తగ్గించితిని. మొకాసిన్ చేరిన తరువాత బండి ఆపి, ముందు చక్రము దగ్గర చేయి పెట్టి చూచితిని. వేడిగానే ఉన్నది గాని పొగ లేదు, వాసన లేదు. మా మనుమడును వచ్చి తన చేయి పెట్టబోయెను. "తాకకు, దగ్గరగా పెట్టి చూడు" అంటిని. వాడు చూచి, "ఈసారి జ్వరం లేదు తాతయ్యా" అనెను. నా భార్య ఈ మారు ఏమియు అనలేదు. టీ కాచుటకు ట్రెయిలరులోనికి పోయినది.