చదివింది ఎక్కనప్పుడు

 

"ఎంత చదివినా ఎక్కట్లేదండీ!" పరీక్షల ముందు ఈ మాట అనని విద్యార్థి ఉండరు. అయితే అదే 2 వారాలు దాటి సాగి, నిద్ర చెడి, ఇష్టమైన వాటి మీదా మనసు పోకపోతే దాన్ని బద్ధకం అనకండి. డిప్రెషన్ కావచ్చు. డిప్రెషన్ అంటే కన్నీళ్లేనని మన అభిప్రాయం. కానీ ధ్యాస నిలవకపోవడం, ఆలోచన మందగించడం, చిన్న విషయం కూడా తేల్చుకోలేకపోవడం ఆ జబ్బు లక్షణాలే.

విన్నదాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచితేనే ఆలోచన సాగుతుంది. అలా పట్టి ఉంచే చోటు ఎవరికైనా కొంచెమే. కుంగిన మనిషిలో "అంతా నా వల్లే, నేనెందుకూ పనికిరాను" అనే తలపులు తిరిగి తిరిగి వచ్చి ఆ కాస్త చోటునూ ఆక్రమిస్తాయి. పడవలోకి చేరే నీళ్లను ఒక చేత్తో తోడిపోస్తూ రెండో చేత్తో తెడ్డు వేసేవాడు ఎంత దూరం పోగలడు? వాడికి తెడ్డు వెయ్యడం రాదని ఒడ్డున నిలబడి తేల్చేయడం అన్యాయం.

మనసు కుంగదీసే దెబ్బలు మన తీరానికి కొత్త కాదు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. అంతకు మూడేళ్ల ముందు తిత్లీ తుఫాను ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసింది. వేరావల్ రేవు నుంచి వేటకెళ్లి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. పడిన కొబ్బరిచెట్లను లెక్కగడతాం. ఆ ఇళ్లలో పుస్తకం ముందు కూచొని అక్షరం ఎక్కని పిల్లల సంగతి? బెంగంతా జబ్బు కాదు, నిజమే. కానీ అడిగితేనే గదా ఏది జబ్బో తెలిసేది!

మీకే అలా మనసు కుంగినట్టు అనిపిస్తే, ఆ రోజుల్లో చదువు మానాలనో ఉద్యోగం వదలాలనో నిర్ణయించుకోకండి. ముందు డాక్టరును కలవండి. మందులున్నాయి, మాటలతో చేసే చికిత్సా ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సహాయ కేంద్రం వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అడగరు.

ఇంకొక్కటి. నిద్రా ఆకలీ కుదుటపడ్డాక కూడా కొందరికి ధ్యాస ఆలస్యంగా కుదురుతుంది. పట్టాలందుకున్న మీలో కొందరు రేపు టీచర్లు, బ్యాంకు మేనేజర్లు, సచివాలయ ఉద్యోగులు అవుతారు. ఈ జబ్బుతో పెట్టిన సెలవు ముగించి వచ్చిన మనిషి నెత్తిన మొదటి రోజే పాత బరువంతా ఎత్తకండి. చెప్పాల్సింది కాగితం మీద రాసివ్వండి. పనిని కొంచెం కొంచెంగా అప్పగించండి. చేసింది మళ్లీ సరిచూసుకోవడానికి వ్యవధి ఇవ్వండి.