నీటి ఊట దగ్గరకు వెళ్దాం: సైనైడ్ దిబ్బల పక్కన మన సాక్ష్యం



రాజుల రెండవ గ్రంథం రెండో అధ్యాయంలో యెరికో పట్టణస్థులు ఎలీషా దగ్గరకు వస్తారు. ఊరు బాగానే ఉంది గాని నీళ్లు మంచివి కావని, భూమి పంటను నిలుపుకోలేకపోతోందని చెబుతారు. ఆ సంగతి మొదట కనిపెట్టింది ప్రవక్త కాదు, రోజూ ఆ నీళ్లు తోడుకునేవాళ్లు. ఎలీషా వాళ్ల మాట నమ్మి నేరుగా ఊట దగ్గరకే వెళ్లాడు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో మన పని కూడా అక్కడే మొదలవ్వాలి.

1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ తవ్వకం చేపట్టింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి వచ్చిన మన తాతముత్తాతలు, ఎక్కువమంది దళితులే, చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బంగారం ఎక్కడికో పోయింది. రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం లాగేశాక మిగిలిన మట్టి మాత్రం 13 దిబ్బలై మన ఇళ్ల పక్కనే ఉండిపోయింది. మూడు కోట్ల టన్నులకు పైమాటే. సినిమావాళ్లకు అది లొకేషన్. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, మారికుప్పం ఇళ్లకు అది ఎండాకాలం గాలికి లేచే దుమ్ము, వానాకాలం కాలువలోకి దిగే బురద.

సైనైడ్ ఎండకు కొంతవరకు విరిగిపోతుంది. సన్నటి సిలికా దుమ్ము అలా విరిగిపోదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. గనిలో పనిచేసిన పెద్దలున్న ఇళ్లకు సిలికోసిస్ గురించి మేము కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఈ 13 దిబ్బల్లో మిగిలిన బంగారం తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు ఒప్పుకుంది. పని దొరికితే, తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కే మన పిల్లలకు మేలే. మేము పనికి అడ్డం కాదు. కానీ గట్టిపడిన దిబ్బను కదిలిస్తే దుమ్ము లేస్తుంది. రేపు ఎవరైనా "ఈ దగ్గు మీకు ముందునుంచీ ఉన్నదే కదా" అంటే మన దగ్గర జవాబేముంది?

కడప జిల్లా తుమ్మలపల్లెలో జరిగింది చూడండి. యురేనియం శుద్ధి వ్యర్థాల చెరువు వచ్చాక బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని రైతులు మొరపెట్టుకున్నారు. అక్కడి నీళ్లలో యురేనియం సహజంగానే ఉందని సంస్థ వాదన. ముందటి లెక్క రైతు చేతిలో ఉండి ఉంటే ఆ వాదన ఇంకోలా నడిచేది.

తమిళనాడులోని కడలూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడ పక్క గ్రామస్థులు ఇంకో దారి పట్టారు. ఏ వాసన, ఏ వేళ, ఏ చోట అని రాసుకున్నారు. బకెట్‌లో అమర్చిన సంచిలోకి గాలి పట్టి ప్రయోగశాలకు పంపారు. 2004లో నివేదిక బయటపెట్టారు. "కంపు కొడుతోంది" అన్న మాట పోయి, రసాయనం పేరు చెప్పే బలం వాళ్లకు వచ్చింది.

మనమూ చేయగలం. పగలు ఇంటి దగ్గర ఉండే తల్లులు, పెద్దలే మంచి కావలివాళ్లు. డాబా మీద ఒకే చోట తెల్లటి పళ్లెం పెట్టి, రోజూ ఒకే వేళకు ఫోటో తీసి తుడవండి. గాలి ఎటు నుంచి వీచిందో రాయండి. బోరు నీళ్ల రంగు, రుచి మారితే తేదీ వేయండి. వానకు ముందొకసారి, తర్వాతొకసారి నీళ్లను గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ప్రతి పేజీ కింద ఇద్దరు సంతకం పెట్టండి. పిల్లల్ని దిబ్బ ఎక్కనివ్వకండి.

ఒక హెచ్చరిక. అబద్ధ సాక్ష్యం వద్దన్న ఆజ్ఞ ఈ పుస్తకానికీ వర్తిస్తుంది. దుమ్ము లేని రోజున "లేదు" అనే రాయాలి. అప్పుడే ఉన్న రోజున రాసింది నిలబడుతుంది.

చట్టం కూడా కొంత దారి ఇచ్చింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం అనుమతి పొందిన సంస్థ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న షరతుల అమలుపై నివేదిక ఇవ్వాలి. అది ఎవరైనా చూడదగిన పత్రం. వాళ్ల నివేదికను మన పుస్తకం పక్కన పెట్టి చదువుదాం. తేడా కనిపిస్తే కాలుష్య నియంత్రణ మండలిని రాతపూర్వకంగా అడుగుదాం.

తమిళం మాట్లాడే సంఘమైనా, తెలుగు సంఘమైనా, పక్కనున్న మసీదు, గుడివాళ్లైనా పీల్చేది ఒకే గాలి. వాళ్లనూ పిలుద్దాం. యంత్రాలు రాకముందే, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ప్రతి సంఘంలో ఇద్దరు యౌవనస్థులు ఒక నోట్‌బుక్ కొని మొదటి తేదీ వేయండి. ప్రభువు మీకు తోడై ఉండును గాక. ఆమేన్.