కంప్యూటరు సొగసు

మొన్న మా తమ్ముని కుమార్తెకు ల్యాప్‌టాప్ కొనుటకై ఆమెతో కలిసి అంగడికి వెళ్లితిని. ఆమె కళాశాలలో చేరనున్నది. నాలుగేండ్ల చదువునకు ఆ యంత్రమే ఆధారము. తమ్ముడు ఏడాదిపాటు కూడబెట్టిన సొమ్ము నా చేతికిచ్చి, "అన్నయ్యా, మళ్లీ మళ్లీ కొనలేను. నువ్వే చూసి ఇప్పించు" అని చెప్పియుండెను.

అంగడిలో అడుగిడగానే ఆ పిల్ల గులాబి వన్నె గల యొక పలుచని యంత్రము ముందర నిలిచిపోయెను. "పెదనాన్నా, ఇది ఎంత ముద్దుగా ఉందో!" అనెను. దాని శక్తి యెంత, ఎన్నాళ్లు మన్నును అని అడుగనే లేదు. నేను ఒకింత కినుకతో, "రంగు చూసి కొనడానికి ఇదేమన్నా చీరా?" అంటిని.

"మరి తాతయ్య రేడియో మూగబోయి ఎన్నేళ్లయింది? అందంగా ఉందనేగా హాల్లో ఉంచారు!" అని ఆమె బదులు పలికెను.

రేడియోలో ఉద్యోగము చేయుచుండియు నేను ఆ మాటకు వెంటనే ఉత్తరము చెప్పలేకపోయితిని.

శ్రోతలారా, ఆ పిల్ల మాటలో నిజము లేకపోలేదు. తొలినాళ్ల రేడియో అనగా తీగలు, బ్యాటరీలు, విడిగా నొక బూరా. చక్కని చెక్కపెట్టెలో అమరిన పిమ్మటనే దానికి ఇంటి నడుమ స్థానము దొరకినది. 1934లో ఇంగ్లండున ఎక్కో అను సంస్థ, వెల్స్ కోట్స్ అను వాస్తుశిల్పి రూపకల్పన చేసిన బేకలైటు రేడియోను వెలువరించెను. శబ్దము వచ్చు భాగము గుండ్రనిది గనుక ఆయన పెట్టెను సైతము గుండ్రముగనే తీర్చెను. ఇక మన యిండ్లలో ఇల్లాండ్రు రేడియోపై తాము అల్లిన లేసు గుడ్డలు కప్పిరి. మా అమ్మ అల్లిన గుడ్డ నేటికిని మా రేడియోపై నున్నది.

కంప్యూటరుకు ఈ యోగము ఆలస్యముగా పట్టినది. చాలకాలము అది కార్యాలయపు బల్లలపై మాసిన తెలుపు రంగు పెట్టెగానే యుండెను. 1998లో అమెరికాలోని యాపిల్ సంస్థ ఐమ్యాక్ అను యంత్రమును 1,299 డాలర్లకు అమ్మకమునకు పెట్టెను. తెరయు యంత్రమును ఒకే పెట్టెలో నుండెను. ఆస్ట్రేలియాలోని బోండై సముద్రతీరపు పేరు పెట్టిన నీలి వన్నె. లోని భాగములు లీలగా కానవచ్చు ప్లాస్టిక్కు. మరుసటి సంవత్సరము జనవరిలో పండ్ల పేర్లతో ఐదు రంగులు వచ్చినవి. కంప్యూటరు కొనువారు ఏ రంగు కావలెనని యోచించుట అప్పుడొక వేడుక యయ్యెను.

ఇది వట్టి వేషమని కొందరు నవ్విరి. కాని దాని వీపున నొక పిడి యుండెను. పదునేడు కిలోల బరువు గల యంత్రమును ఎవరును నిత్యము మోసికొని తిరుగరు గదా! మరి పిడి యెందులకు? రూపశిల్పి జొనాథన్ ఐవ్ దానికి చెప్పిన కారణము చిత్రమైనది. కంప్యూటరన్న జంకు గలవారికి, పిడి కనబడిన చోట చేయి వేయవచ్చునను ధైర్యము కలుగునట. అది భయమును పోగొట్టు అందము.

అయితే ఆ యంత్రముతోడనే వచ్చిన మౌసు పూర్ణచంద్రునివలె గుండ్రముగా నుండెను. చూపునకు ముచ్చటయే గాని, కన్నెత్తి చూడనిదే ఏ వైపు ముందో చేతికి తెలియదు. రెండేండ్లలో సంస్థయే దానిని మార్చివైచెను. 2000 సంవత్సరమున అదే సంస్థ క్యూబ్ అను మరియొక యంత్రమును తెచ్చెను. పంకా లేదు, చప్పుడు లేదు. తేటయైన ప్లాస్టిక్కులో తేలుచున్నట్లుండు ఘనాకృతి. న్యూయార్కులోని ఆధునిక కళాసంగ్రహాలయము దానిని సేకరించి యుంచినది. కాని తెర లేకయే దాని వెల 1,799 డాలర్లు. అంతకు తక్కువ వెలకే ఆ సంస్థవారి పెద్ద యంత్రము దొరకుచుండెను. అందు అదనపు భాగములు చేర్చుకొనుటకు చోటును ఉండెను. జనులు క్యూబును మెచ్చుకొనిరి గాని, ఎక్కువమంది కొనలేదు. ఏడాది నిండునంతలో దాని తయారీ ఆగిపోయెను.

కావున అందము కావలెనా, పని కావలెనా అన్నది సరియైన ప్రశ్న కాదని నాకు తోచుచున్నది. ఈ అందము వాడువాని చేతికి మేలు చేయునదా, లేక పక్కవాని కంటికి మాత్రమే విందు చేయునదా అని అడుగవలెను.

ఆనాడు అంగడిలోను ఈ ప్రశ్నయే వేసితిమి. ఆ గులాబి యంత్రములో మెమొరీని పలకకే అతికించినారు. రేపు చాలకున్నను పెంచుకొనుటకు వీలులేదు. తీగలు తగిలించుకొను రంధ్రములు రెండే. దాని పక్కన బూడిద రంగు యంత్రము కాస్త బరువుగా నున్నది. కాని దానిలో మెమొరీ చేర్చవచ్చును, బ్యాటరీ పాడైనచో మార్పించుకొనవచ్చును, వెలయు తక్కువ. "నాలుగేళ్లు రాసుకోవలసినదానివి నువ్వు. రెండింటి మీదా కాసేపు రాసి చూడు" అని చెప్పి, నేను దూరముగా కూర్చుంటిని.

పావుగంట తరువాత ఆమె బూడిద రంగుదానినే చూపెను. మిగిలిన సొమ్ములో కొంత వెచ్చించి దానికి గులాబి వన్నె తొడుగొకటి కొనుక్కొన్నది. దండుగ ఖర్చని అనబోయి, మా అమ్మ అల్లిన లేసు గుడ్డ జ్ఞప్తికి వచ్చి, ఊరకుంటిని.